వట్టి వేరు కాదు, దుబ్బు

అచ్చంపేట దాటి వాగు దాకా నేను పోయి వచ్చింది గడ్డి కోసం. ఈ మాట చెబితే మా ఊరివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. మోత్కూర్ చుట్టుపక్కల గడ్డి కరువైందా, దానికోసం పట్నం మీదుగా ఇన్ని బస్సులు మారి పోవాలా అంటారు. పోవాల్సే వచ్చింది. ఎందుకో ముందు చెప్పి, తర్వాత బస్సెక్కుతాను.

మాకు ఊరి బయట మూడెకరాల చెల్క ఉంది. ఎర్ర నేల. దాని పైన చెట్టూ చేమా లేని గుట్ట. గుట్ట మీద పడిన వాన అంతా మా చెల్కలోంచే దిగుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ నీళ్ళు చేసిన గాడిని కోడిపిల్ల ఎగిరి దాటేది. ఇరవై ఏళ్ళలో అందులో దూడ పడితే ఎక్కి రాలేనంత లోతైంది. వాన ఇలా కోసుకుపోయిన గాడిని మా దిక్కు ఒర్రె అంటారు. పై మట్టి అంతా ఒర్రె పట్టుకుపోయి, జొన్న మోకాలెత్తు దాటి పెరగడం మానేసింది. అది చాలదన్నట్టు కిందటి వానకాలం ఒర్రె పక్కకు తిరిగి మా బావి వైపు నడిచింది. మా ఇంటాయన చేతులు బార చాచి కొలిచాడు. ఒర్రెకూ బావికీ మధ్య నాలుగు బారల నేల మిగిలింది.

బావి పూడితే చెల్క పడావే, ఇక బీడే. ఆ సంగతి మేస్త్రీ చెవిన కూడా పడింది. సాగర్ కట్ట పనికి మనుషులను లారీలో తీసుకుపోయే మేస్త్రీ ఆయన. మిరుగం కార్తెతో తొలకరి రాగానే కట్ట మీది కూలీలు చాలామంది విత్తనాలు వేసుకోవడానికి ఊళ్ళకు పరుగెత్తుతారు. వాళ్ళ చోట కొత్తవాళ్ళు కావాలి. మా అరుగు మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ చెప్పాడు.

"విత్తనం పని లేనోళ్ళు కావాలె నాకు. మీ ఆలుమగలిద్దరికీ జాగా ఉంది."

ఆయన మంచి మాటే అనుకుని అన్నాడు. మమ్మల్ని విత్తనం పని లేనోళ్ళలో కలిపిన ఆ మాటను మాత్రం నేను చాలా రోజులు మరవలేదు. మేస్త్రీ పోయాక మా ఇంటాయన నాతో ఒప్పందం చేసుకున్నాడు. మిరుగంలో మొదటి పెద్ద వానకు ఒర్రె బావిలోకి దిగితే లారీ ఎక్కాలి. దిగకపోతే విత్తనాలు వేయాలి. నడుమ నాకు నచ్చిన ప్రయత్నం నేను చేసుకోవచ్చు.

నా ప్రయత్నం ఒకటి అంతకు ముందే నవ్వులపాలయింది. నలభై దాటాక మా ఊరి వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు వచ్చేసరికి ఏ కాగితం దొరికినా చదవడం నాకు జబ్బులా పట్టుకుంది. సబ్బు కాగితం, మందు సీసా మీది చీటీ, బెల్లం పొట్లం, అన్నీ చదివేదాన్ని. గ్రామసేవకుడు పంచిపోయిన కరపత్రం కూడా చదివాను. వాలుకు అడ్డంగా వట్టివేరు నాటితే మట్టి నిలుస్తుందనీ, కోత పడినచోట వెదురు పెట్టాలనీ అందులో ఉంది. ఒక్క అక్షరం తప్పుపోలేదు. అర్థమే తప్పుపోయింది. నాకు తెలిసిన వట్టివేరు అత్తరు దుకాణంలో అమ్మే వాసన వేరు, ఎండాకాలం మంచినీళ్ళ కుండలో వేసుకునేది. పైగా ఆ 'వట్టి' నన్ను ముంచింది. వట్టి అన్నం అంటే కూర లేని అన్నం, వట్టి చేతులు అంటే ఏమీ లేని చేతులు. వట్టి వేరు నాటమన్నారంటే చెట్టు అక్కరలేదు, వేరొక్కటి చాలు అనే కదా. భువనగిరి నుంచి రెండు కట్టలు తెప్పించి, ఒర్రె అంచున వరుసగా పాతి, కిందటి వానకాలమంతా కాపలా కాశాను. మొలకలు రాలేదు. వాసన వచ్చింది. గొర్రెలు కాసేవాళ్ళు దానికి అత్తరు గట్టు అని పేరు పెట్టారు.

ఈ కథ మా వియ్యపురాలు నాగమ్మ చెవిన కూడా పడింది. ఆమెది కల్వకుర్తి. మా బిడ్డ రుక్కమ్మను వాళ్ళింటికే ఇచ్చాం. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు కడుపు పట్టుకుని నవ్వి, నవ్వు ఆగాక ఒక మంచి మాట చెప్పింది. అచ్చంపేట అవతల వాగులో ఆ వేళ్ళు తవ్వేవాళ్ళు ఉన్నారట. అక్కడ అది నిలువెత్తు గడ్డి అట. అంటే దానికి పైన కూడా ఏదో ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

చౌటుప్పల్

ఎండలు ముదిరాక, మిరుగానికి ఇంకా నెల ఉండగా బయలుదేరాను. ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. చౌటుప్పల్‌లో దిగి పట్నం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. పక్కనే ఒకామె తాటిముంజలు కోసి అమ్ముతోంది. కొత్త పైసలు వచ్చి కొన్నేళ్ళయినా ఆమె బేరం అణాలలోనే. అణాకు నాలుగు అంటుంది, ఆరు పైసలిస్తే తక్కువయ్యాయంటుంది, ఏడు ఇద్దామంటే ఎక్కువని తనే వద్దంటుంది. చివరికి ఆరు పైసలకే నాలుగు ఇచ్చి, ఎక్కడికని అడిగింది. గడ్డి కోసం అచ్చంపేట దిక్కు పోతున్నానని చెప్పాను. పసులెన్ని ఉన్నాయని అడిగింది. మోట కొట్టే ఎద్దులు రెండే అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఇంకో ముంజకాయ నా చేతిలో పెట్టింది. డబ్బులు తీయబోతే వద్దంది. "తిను అక్కా. రెండెద్దుల గడ్డికి గంత దూరం పోతున్నవంటే ఏం కష్టమొచ్చిందో ఏమో."

నా కష్టం చెప్పేలోపు బస్సు వచ్చింది. ముంజ మాత్రం చల్లగా, లేతగా ఉంది.

పట్నంలో నేను చూసింది బస్సుల అడ్డా ఒక్కటే కాబట్టి దాని గురించే చెబుతాను. మనుషులు ఎంతమందో బస్సులు అన్ని ఉన్నట్టు కనిపించింది. మా దిక్కు బస్సు ఒకటే వస్తుంది, అది ఎక్కడికి పోతే అక్కడికే మనమూ పోతాం. ఇక్కడ నుదుట రాసింది చదివి ఎక్కాలి. నాకు చదువు వచ్చు కాబట్టి ఎవరినీ అడగకూడదనుకున్నాను. ఒక బస్సు ముందు నిలబడి 'కల్వ' దాకా బాగానే వచ్చాను. 'కు' కూడా అయింది. చివరి అక్షరం కింది ఒత్తు దగ్గర అనుమానం వచ్చి ఆగాను. ఆ ఒత్తు తేల్చుకునేలోపు బస్సు కదిలింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగెత్తాను. కండక్టరు తలుపులో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"చదువుడు ఒడిసిందా పెద్దమ్మా, ఎక్కుతవా?"

ఎక్కాను. కల్వకుర్తి దాకా అతను ప్రతి ఊరి పేరూ నాకోసం విడివిడిగా పలికాడు. బస్సులో అందరికీ మంచి కాలక్షేపమైంది.

కల్వకుర్తి

మా దిక్కు వియ్యపురాలు వస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు, మంచం వేస్తారు, పరాచకాలు అన్నం తిన్నాక మొదలవుతాయి. కల్వకుర్తిలో నీళ్ళ చెంబు చేతిలో ఉండగానే మొదలవుతాయి. నాగమ్మ చెంబు అందిస్తూ, వదినా ఈ నీళ్ళు కాళ్ళకే, కొంగున కట్టుకున్న వట్టి ఏర్లకు పోయకు అంది. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీంచి తలలు పెట్టి మరీ నవ్వారు. నా కథ నాకంటే ముందే కల్వకుర్తి చేరిందన్నమాట.

రుక్కమ్మ జొన్నరొట్టెలు చేసింది. మా ఇంట్లో ఉన్నప్పుడు మందంగా కొట్టేది. ఇక్కడ అత్త చేతి కింద పడి, అరచేతిలో గీతలు కనపడేంత పల్చగా కొడుతోంది. చింతచిగురు పప్పు, ఉల్లిగడ్డ కారం. మా దిక్కు కంటే కారం ఎక్కువ, పులుపు కూడా ఎక్కువే. నాలుగో రొట్టె వద్దంటే నాగమ్మ ఒప్పుకోలేదు. మా ఇంట్లో బలవంతం రెండుసార్లే చేస్తారు, మూడోసారి మాట వింటారు. వాళ్ళింట్లో మూడోసారి అడగకుండానే వేస్తారు.

తెల్లవారి అచ్చంపేటకు ఎవరు తోడు వస్తారని అడిగాను. నాగమ్మ అప్పటికే తన చీర మూట కట్టుకుంది.

"నిన్ను ఒక్కదాన్ని తోలితే, ఈసారి ఎండిన కట్టెలు కొనుక్కొని ఎదురుబొంగు మొలుస్తదని కూసుంటవ్. మా కోడలి పరువు పోదా?"

వియ్యంకుడు ఇంట్లో ఉండి బర్రెను చూసుకోవాలని ఆమె తీర్పు. మాట్లాడటం ఆయన మానేసి చాలా కాలమయినట్టుంది.

అచ్చంపేట

ఇక్కడి నుంచి నేల తీరు మారుతుంది. దూరాన నల్లమల నీలంగా అడ్డంగా పడుకుని కనిపిస్తుంది. నేను పుట్టి పెరిగిన దిక్కున గుట్టలు బోడివి. ఒక కొండ కొండంతా చెట్లు కప్పుకుని ఉండటం చూసి బస్సులో చాలాసేపు తల బయటే పెట్టాను.

అచ్చంపేటలో నాగమ్మకు తెలిసిన మేదరాయన బాలయ్య ఇల్లు ఉంది. గంపలు, చాటలు, గుమ్ములు అల్లుతాడు. పెరట్లో తన సొంత వెదురు పొద ఉంది. మేం పోయేసరికి మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని బద్దలు చీలుస్తున్నారు. వాళ్ళ చేతులు ఆగలేదు, మాటలూ ఆగలేదు. కొర్రన్నం, పచ్చిపులుసు పెట్టారు. కొర్రన్నం మా ఇళ్ళలో జ్వరం వచ్చినవాళ్ళకు పెడతాం. ఇక్కడ చుట్టాలకు పెడతారు. రుచి చూశాక, మేం ఇన్నాళ్ళూ రోగులకు వదిలేసింది మంచి తిండే అనిపించింది.

వెదురు కావాలన్నప్పుడు నాగమ్మే అడ్డం తిరిగింది. ఇంటి భూమిలో వెదురు పెంచకూడదట. అది పూస్తే ఇంటి పెద్ద పోతాడట. పోయినవాళ్ళ పాడెకు కట్టేది కూడా వెదురేనట. ఇంత దూరం వచ్చింది తన అన్నను చంపుకోవడానికి కాదంది. మా ఇంటాయన ఆమెకు వరసకు అన్న.

బాలయ్య బద్ద మీంచి కన్నెత్తలేదు. "నిన్ను పెండ్లినాడు గంపల కూసోబెట్టి తెచ్చిన్రు గద నాగమ్మా. గా గంప దేనితోని అల్లిన్రు?"

నాగమ్మకు మాట దొరకలేదు. ఆ ప్రయాణంలో ఆమెకు మాట దొరకకపోవడం రెండుసార్లే చూశాను. ఇది మొదటిది.

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. వెదురు బొంగు పాతితే మొలవడం కష్టం. నేల లోపల అల్లం కొమ్ములా ఉండే గడ్డ కావాలి, అదీ కిందటేడు పుట్టిన బొంగుతో ఉన్నది. బొంగును మోకాలెత్తున నరికి, గడ్డను మట్టితో సహా తీయాలి. దాన్ని ఒర్రె అడుగున నాటాలి. కానీ గడ్డ బలపడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మరి ఈ వానకు ఎలా అని అడిగాను. నాకు ఉన్నది నెల రోజులని, లారీ సంగతీ చెప్పాను. బాలయ్య లేచి, ఇంటి ముందు మురుగు కాల్వలో నాలుగు వెదురు గూటాలు అడ్డంగా దిగ్గొట్టి, వాటి మధ్య బద్దలు అల్లి చూపించాడు. పైనుంచి కడవెడు నీళ్ళు మన్నుతో కలిపి పోయించాడు. నీళ్ళు తడికలోంచి సన్నగా కారిపోయాయి. మన్ను ఇవతలే కూర్చుంది.

"నీళ్ళను ఆపాల్నని చూడకు బిడ్డా. ఆపితే పగులగొట్టుకొని పోతయి. నీళ్ళకు దారియ్యి, మన్నుకు ఇయ్యకు."

నాలుగు గడ్డలు తీసి ఇచ్చాడు. తడికకు బద్దలు మోపు కట్టాడు. అల్లడం నాకు వచ్చేదాకా ఆయన పెళ్ళాం నన్ను వదల్లేదు. వేలు రెండుచోట్ల కోసుకున్నాక వచ్చింది.

వాగు

వాగు దగ్గరికి ఎడ్లబండిలో పోయాం. ఎండాకాలం కదా, వాగంతా ఇసుకే. అక్కడక్కడ ఇసుకలో తోడిన చెలిమెలు, వాటిలో గుప్పెడు నీళ్ళు. వేళ్ళు తవ్వే ఈదమ్మ గుడిసె గట్టు మీద ఉంది. నా కంటే పదేళ్ళు పెద్దది, మనిషి ఇనుప చువ్వలా ఉంది. ముందు అంబలి, ఉల్లిగడ్డ పెట్టింది. తర్వాత ఎండిన ఇప్పపువ్వు వేయించి బెల్లంతో కలిపి పెట్టింది. మొదట మత్తెక్కుతుందేమోనని భయపడ్డాను. ఎండు ద్రాక్షలా ఉంది. నాగమ్మ రెండు గుప్పిళ్ళు తిని మూడోది కొంగున కట్టుకుంది.

నా అత్తరు గట్టు కథ నాగమ్మే చెప్పింది, కొంచెం పెంచి. ఈదమ్మ పెద్దగా నవ్వలేదు. తన తలను చేత్తో దువ్వుకుని, వేళ్ళకు వచ్చిన రెండు వెంట్రుకలు నాకు చూపించింది.

"గివి నాటితే తలకాయ మొలుస్తదా బిడ్డా?"

అంతకంటే బాగా నాకు ఎవరూ చెప్పలేదు. వేరు అమ్మకానికి, దుబ్బు నాటడానికి. అత్తర్ల వ్యాపారికి వేరు కోసిచ్చి, వాళ్ళు పారేసే పై దుబ్బే నేను వెతుకుతున్న వస్తువు.

కానీ మేం ఆలస్యంగా వచ్చాం. ఆ ఏటి తవ్వకం అయిపోయి నెల దాటింది. పారేసిన దుబ్బులు గట్టు మీద కుప్పలుగా ఎండి ఉన్నాయి. ముట్టుకుంటే పొడి రాలింది. వాగు మలుపులో మాత్రం ఒక తునక పచ్చగా, మనిషెత్తున నిలబడి ఉంది. ఇదిగో ఇది అని అటు నడిచాను. ఈదమ్మ రెక్క పట్టుకుని ఆపింది. ఆ మలుపు ముట్టకూడదట. వచ్చే ఏటికి వాగంతా మళ్ళీ నాటేది అందులోంచే.

నాగమ్మ బతిమాలింది. నేను బతిమాలలేదు. ఆమె ఇవ్వకపోవడం న్యాయమే అనిపించింది, ఆమె విత్తనం ఆమె దాచుకుంది. ఇసుకలో కూర్చుండిపోయి, ఎందుకింత అవసరమని ఈదమ్మ అడిగింది కాబట్టి మా నాలుగు బారల సంగతి చెప్పాను. మేస్త్రీ అన్న మాట కూడా చెప్పాను. ఈదమ్మ మలుపు వైపు తిరిగి చెప్పింది.

"మా చెల్లె గూడ పోయింది కట్టకు. ఒక్క ఏడు అన్నది. ఇప్పుడు దాని చెల్క ఏడుందో గట్టు గూడ తెలుస్తలేదు."

తర్వాత లేచి గడ్డపార తెచ్చి నా ముందు వేసింది. ఆమె పెట్టిన లెక్క ఇది. ఒక దుబ్బు తవ్వితే నాలుగు పిలకలుగా చీల్చాలి. రెండు నావి. రెండు అదే ఇసుకలో తిరిగి నాటి, చెలిమె నీళ్ళు పోసి పోవాలి. వేరు ఆమెది. ఎవరి వాటా వాళ్ళకు పోయి, మలుపులో మాత్రం పిలకలు ఇంకా పెరుగుతాయి.

రెండు రోజులు తవ్వాం. దుబ్బును పట్టి లాగితే వచ్చేది కాదు అది. పక్కన గొయ్యి తీసుకుంటూ పోవాలి. గొయ్యి నడుము దాకా వచ్చింది, ఛాతీ దాకా వచ్చింది, వేళ్ళు ఇంకా కిందికి పోతూనే ఉన్నాయి. పక్కలకు పోవు, తిన్నగా దిగుతాయి. గొయ్యి గోడకు సన్నగా, ఒత్తుగా వేలాడుతుంటే, నేల తల విరబోసుకుని కూర్చున్నట్టుంది. వాగు ఎన్నిసార్లు పొంగినా ఆ మలుపు ఒక్క చెంచా మన్ను పోగొట్టుకోలేదని ఈదమ్మ చెప్పింది. గోతిలో నిలబడి ఆ గోడను చేత్తో తోశాను. గోడ కట్టినట్టు గట్టిగా ఉంది. కరపత్రం ఏం చెప్పదలిచిందో అక్కడ అర్థమైంది.

నాగమ్మ ప్రతి దుబ్బుకూ ఒకసారి తన నడుమును, మరొకసారి మా వియ్యాన్ని తిట్టుకుంది. పని మాత్రం నా కంటే ఎక్కువే చేసింది.

బయలుదేరేటప్పుడు ఈదమ్మ పిలకలను బురదలో ముంచి తడి గోనెసంచుల్లో కట్టింది. ఆకును జానెడు ఉంచి కోసెయ్యమని, లేకపోతే దారిలో ఆకే నీళ్ళు తాగి వేరును చంపుతుందని చెప్పింది. నేను తలూపాను. కోయలేదు. పచ్చగా ఆకుతో తీసుకుపోతే మా ఇంటాయనకు నమ్మకం కలుగుతుందని నా ఆశ.

మళ్ళీ కల్వకుర్తి

సాయంత్రానికి నాగమ్మ ఇల్లు చేరి, సంచుల మూతి విప్పి, స్నానాల తొట్టి పక్కన తడిలో నిలబెట్టి పడుకున్నాం. తెల్లవారి రుక్కమ్మ కేక వేసింది. పోయి చూస్తే వియ్యంకుడు అప్రమత్తంగా చూసుకున్న బర్రె తాడు తెంపుకుని, నా రెండు సంచుల మీద తల పెట్టి తీరిగ్గా నమలుతోంది. పచ్చదనం అంటూ ఒక్క ఆకు కనిపించలేదు.

వాగు దాకా మళ్ళీ పోయి వస్తే మిరుగంలోపు వేరు పట్టడానికి రోజులు చాలవు, మలుపు ముందు మళ్ళీ నిలబడే మొహమూ లేదు. నాగమ్మకు మాట దొరకకపోవడం రెండోసారి అప్పుడే. కొంతసేపటికి ఆమే సంచి దగ్గర కూర్చుని పిలకలు ఒక్కొక్కటే తీసి చూడసాగింది. తర్వాత తన జాన పెట్టి కొలిచింది. ఇంకోటి కొలిచింది.

"వదినా, ఇటు రా. ఈదమ్మ చెప్పిన జానెడే ఉంచింది."

నిజమే. గోనె అంచు అడ్డం ఉండి బర్రె మూతి అంతకంటే లోపలికి పోలేదు. రెండు మూడు పిలకలు ఊడి వచ్చాయి, మిగతావి వేళ్ళతో సహా పదిలంగా ఉన్నాయి. నేను చేయాల్సిన పని బర్రె చేసింది. నాగమ్మకు మాట తిరిగి వచ్చి, బర్రెకు కూలి ఇచ్చి కదలమంది. నా మూటలోని బెల్లం ముక్క దాని నోట్లో పెట్టి బస్సెక్కాను.

తిరుగు దారి

కండక్టరు సంచులను బస్సు పైన వేయమన్నాడు. పైన ఎండకు అవి పట్నం చేరేలోపే మాడిపోతాయి. ఒప్పుకోలేదు. ఇద్దరం వాదించుకుంటుంటే అతని కన్ను నా చంకలోని వెదురు బద్దల మోపు మీద పడింది. గొంతు తగ్గించి, ఎవరు పోయారమ్మా అని అడిగాడు. ఎవరూ పోలేదని నేను చెప్పేలోపు ఆ మాట వెనక సీట్ల దాకా పాకింది. నా పక్కన కూర్చున్నాయన లేచి నిలబడ్డాడు. ముందు సీటువాళ్ళు జరిగారు. అలా పట్నం దాకా రెండు సీట్లు, రెండు సంచులు, నేను. బస్సు ఆగినచోటల్లా చెంబుతో నీళ్ళు చల్లుకుంటూ, పోయినవాళ్ళెవరో చెప్పకుండా తల వంచుకుని కూర్చున్నాను. నాగమ్మ భయపడిన వెదురు నా పిలకల ప్రాణం కాపాడింది.

ఇల్లు

మా ఇంటాయన సంచి విప్పి, ఆకు లేని మొద్దు పిలకలను చేత్తో తిప్పి చూశాడు. ఇంత దూరం పోయి అరిగిన చీపుర్లు తెచ్చినవా అన్నాడు. నేను వాలుకు అడ్డంగా వరుస గీయడం మొదలుపెట్టాను. కాసేపు చూసి, నా వరుస వాలుకు దిగిపోతోందని, నీళ్ళు దాన్ని పట్టుకునే పరుగెత్తుతాయని చెప్పాడు. కడవతో నీళ్ళు తెచ్చి కొంచెం కొంచెం ఒంపుతూ, అవి ఎటూ పోకుండా నిలిచినచోటల్లా రాయి పెట్టుకుంటూ పోయాడు. రాళ్ళ వెంబడి పిలకలు నాటాం, రెండు వరుసలు, బెత్తెడు ఎడంతో. ఒర్రె నోట్లో గూటాలు దిగ్గొట్టి నేను తడిక అల్లాను. అడుగున వెదురు గడ్డలు పెట్టాం. మిరుగం దాకా మోట నీళ్ళు పోశాం. ఇరవై రోజులకు పిలకల నడుమ సూదుల్లాంటి ఆకు లేచింది. ఆయన పొద్దున లేవగానే అటు పోయి వచ్చేవాడు.

లారీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం వాన పట్టింది. గుట్ట మీంచి ఎర్రగా, చప్పుడు చేసుకుంటూ దిగింది. అంత వాన ఆ ఏడు మళ్ళీ పడలేదు. తెల్లవారాక తెరిపి ఇచ్చింది. ఆయన ఉతికి పెట్టుకున్న అంగీ తొడుక్కుని చూడటానికి పోయాడు. నేను పోలేకపోయాను. పొయ్యి రాజేసుకుంటూ కూర్చున్నాను, అది ఎంతకీ రాజుకోలేదు.

మోకాళ్ళ దాకా బురదతో తిరిగి వచ్చాడు. ఆయన మొహం చూశాను. విసుగ్గా ఉంది.

"నీ గడ్డి మీద మన్ను వచ్చి కూసున్నది. ఒక కాడ తడిక నిండిపోయింది. మూడు దుబ్బులు కనబడకుంట మునిగినయి."

"మరి బావి?"

"బావికేమైంది? తట్ట తీసుకొని రా. దుబ్బులు ఎత్తి నాటాలె, ఎండొస్తే మురుగుతయి."

రోడ్డు మీద లారీ హారన్ రెండుసార్లు మోగింది. ఆయన అంగీ విప్పి దండెం మీద వేశాడు, పార భుజాన పెట్టుకుని చెల్క దిక్కు నడిచాడు. నేను పొయ్యి వదిలేసి తట్ట పట్టుకుని వెనకే పోయాను.